నాలుక తెల్లబడి, పిడచకట్టుకుపోయి, మంట.. క్యాన్సరేమోనని భయంగా ఉంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మూడు వారాలుగా నాలుక మీద తెల్లగా పొర కడుతోంది. ఎంత గీసినా తెల్లారేసరికి మళ్లీ అంతే. రాత్రిళ్లు నోరు పిడచకట్టుకుపోయి మెలకువ వచ్చేస్తోంది, కారం తగిలితే నాలుక భగ్గుమంటోంది. దీనికి ముందు దగ్గు, జ్వరం వస్తే యాంటీబయాటిక్ కోర్సు వాడాను. ఆస్తమాకి రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్, అలర్జీకి రాత్రిపూట ఒక మాత్ర వాడుతుంటా. బి కాంప్లెక్స్ వేసుకున్నా తగ్గలేదు. ఇది క్యాన్సర్ కాదు కదా? - ఓ పాఠకుడు

జవాబు: ముందు ఆ గీకడం ఆపండి సార్. మంట పుట్టేలా గీకితే పైపొర లేచిపోయి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది తప్ప పొర కట్టడం ఆగదు. క్యాన్సర్ అని ఇప్పుడే బెంబేలు పడక్కర్లేదు, ఎందుకంటే మీరు రాసిన మందుల లిస్టులోనే సగం జవాబు ఉంది.

మన నోట్లో క్యాండిడా అనే ఫంగస్ చాలామందికి మామూలుగానే ఉంటుంది, అక్కడే ఉండే మంచి బ్యాక్టీరియా, లాలాజలం కలిసి దాన్ని పెరగనివ్వవు. యాంటీబయాటిక్ వాడితే ఆ బ్యాక్టీరియా తగ్గిపోతుంది, ఇన్‌హేలర్ పీల్చాక నోట్లో మిగిలిపోయే స్టెరాయిడ్ వల్ల అక్కడి రోగనిరోధక శక్తి కాస్త మెత్తబడుతుంది, ఇక అలర్జీ మాత్రలు చాలావరకు నోరు ఎండగొట్టేవే, పైగా నిద్రలో లాలాజలం ఎలాగూ తక్కువ ఊరుతుంది, అందులో ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీల్చుకునే అలవాటుంటే చెప్పక్కర్లేదు. మీకు ఈ మూడు మందులూ ఒకేసారి కలిసొచ్చాయి. అందుకే నా మొదటి అనుమానం ఫంగస్ ఇన్ఫెక్షనే.

ఇంట్లోనే ఒకటి చూసుకోవచ్చు. చేతులు కడుక్కుని, శుభ్రమైన మెత్తటి గుడ్డ తడిపి వేలికి చుట్టి, మంచి వెలుతురులో అద్దం ముందు నాలుకని మెల్లగా తుడవండి. తెలుపు విరిగిన పాలలా తునకలుగా ఊడొచ్చి కింద ఎర్రగా, పచ్చిగా కనిపిస్తే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. పల్చగా పోయి కింద మామూలు గులాబీ రంగే ఉంటే అది నాలుక బుడిపెల మధ్య చేరిన మృతకణాలు, పాచి, నీళ్లు తక్కువ తాగినా జ్వరమొచ్చినా అలా కడుతుంది, కానీ దానికి ఇంత మంట ఉండదు. అసలు ఊడకుండా ఒకచోటే మచ్చలా అతుక్కుని ఉంటే మాత్రం ల్యూకోప్లేకియా కావచ్చు, సిగరెట్, గుట్కా, మందు అలవాటున్నవాళ్లలో ఎక్కువ, అందులో కొన్ని క్యాన్సర్‌గా మారే వీలుంది కాబట్టి దానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూసే పరీక్ష) అవసరం పడొచ్చు. బుగ్గల లోపల వలలాగా తెల్ల గీతలుండి కారానికి మండితే లైకెన్ ప్లానస్ అని ఇంకోటి ఉంది. ఫంగస్‌లోనే ఊడని రకం కూడా ఉంది లెండి, అందుకే ఈ గుడ్డ పరీక్షతోనే తేల్చేసుకోవద్దు. మూడు వారాలైంది కాబట్టి ఎలా ఉన్నా ఈ వారంలోనే డెంటిస్టుకో, మీ ఫిజీషియన్‌కో ఒకసారి నోరు చూపించండి.

బి కాంప్లెక్స్ సంగతి. నోట్లో ఏదొచ్చినా ముందు అదే మింగడం మనవాళ్లకి అలవాటైపోయింది. బి12, ఐరన్ తగ్గితే నాలుక సాధారణంగా తెల్లబడదు, ఎర్రగా నున్నగా అయ్యి మండుతుంది. కాబట్టి మీకు పనిచేయకపోవడంలో వింతేం లేదు.

ఫంగస్ అని తేలితే క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ గానీ నిస్టాటిన్ చుక్కలు గానీ రాస్తారు, మామూలుగా 7 నుంచి 14 రోజులు. తిన్న తర్వాత వేసుకుని కాసేపు నోట్లో ఉంచుకోవాలి, వేసుకున్న వెంటనే నీళ్లు తాగేస్తే మందు కడుపులోకి పోతుంది, నాలుకకి ఒరిగేదేం ఉండదు. ఫ్లూకోనజోల్ మాత్ర మాత్రం సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు, రక్తం పల్చబడే వార్ఫరిన్‌తో, కొన్ని కొలెస్ట్రాల్ మందులతో దానికి పడదు.

ఇన్‌హేలర్ ఆపకండి, ఇది మరీ మరీ చెప్తున్నా, నాలుక మంటకి భయపడి ఆస్తమా మందు మానేస్తే ఇంకా పెద్ద ప్రమాదం. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి, గొంతు దాకా పుక్కిలించాలి. స్ప్రే రకం అయితే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించుకునే గొట్టం) పెట్టుకోండి. అలర్జీ మాత్ర రోజూ అవసరమా, మార్చొచ్చా అని రాసిన డాక్టర్‌ని అడగండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఎండిన నోటికి మంట పెంచుతుంది, మానేయండి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి పడుకోండి.

షుగర్ టెస్ట్ ఒకటి చేయించండి, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే డయాబెటిస్ కింద లెక్క. నోరెండడం, ఫంగస్ వల్లే షుగర్ ఉన్నట్టు బయటపడిన పేషెంట్లు చాలామందే ఉంటారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే హెచ్ఐవీ పరీక్ష కూడా అడుగుతారు, అది రొటీనే, తప్పుగా అనుకోకండి. కళ్లు కూడా పొడిబారి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే ఆ విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, షోగ్రెన్స్ (మన రోగనిరోధక శక్తే లాలాజలం, కన్నీటి గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు) ఉందేమో చూస్తారు. మింగుతుంటే గొంతులో, ఛాతీలో నొప్పి వచ్చినా, నాలుక మీద గట్టి గడ్డ తగిలినా, రక్తం కారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లిపోండి.