ధ్యానంలో కూర్చుంటే ఆలోచనలు ఇంకా పెరుగుతున్నాయి. మనసు ఆగకపోతే దేవుడు తెలియడా?

ఇదే ప్రశ్న నన్ను కూడా కొన్నేళ్లు పీడించింది. కళ్లు మూసుకోగానే పాత గొడవలు, రేపటి పనులు, ఎవరో ఎప్పుడో అన్న మాటలు వరసకట్టేవి. నా మనసు శుభ్రంగా లేదు కాబట్టే ఇలా అవుతోందని బాధపడి, పది నిమిషాలకే లేచిపోయేదాన్ని.

మీ మనసులో లోపమేమీ లేదు. మెదడు తీరే అంత. చేతిలో పనిలేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయని గమనించి, 2001లో అమెరికా శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం దాన్ని ‘డిఫాల్ట్ మోడ్’ అంది. జరిగినవి నెమరేసుకోవడం, రాబోయేవి ఊహించుకోవడం, మన గురించి మనమే ఆలోచించుకోవడం ఎక్కువగా అక్కడే సాగుతాయి. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే అవి మొదలవడంలో వింతేముంది?

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు కూడా మనసును పట్టడమంటే గాలిని పట్టడమేనని మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు, ‘అసంశయం’ అని ఒప్పుకున్నాకే అభ్యాసం, వైరాగ్యం గురించి చెబుతాడు. నాకు అంతకంటే ధైర్యమిచ్చింది అదే అధ్యాయంలోని 26వ శ్లోకం. మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోమంటుంది. అంటే అది పోతుందని ముందే తెలిసి చెప్పిన మాట అది.

ఇక దేవుడి సంగతి. అమ్మకు ఆపరేషన్ జరిగిన రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని జపం మొదలుపెట్టాను. కాసేపటికే అది బేరంగా మారిపోయింది. అమ్మను బతికించు, నేను ఇది మానేస్తాను, అది చేస్తాను అంటూ. మధ్యలో ఘోరమైన ఊహలు. ఆపాలని చూసినకొద్దీ ఎక్కువయ్యాయి. చివరికి అలసిపోయి వదిలేశాను. అప్పుడు ఒకటి గమనించాను. భయం వేస్తోందని నాకు తెలుస్తోంది, కానీ ఆ తెలుసుకుంటున్నది మాత్రం భయపడటం లేదు. చేతులు చల్లగానే ఉన్నాయి, గుండె దడ తగ్గలేదు. అయినా ఆ రెండు నిమిషాలు నేను ఒంటరిగా లేననిపించింది. అంతకుముందు ఏ పూజలోనూ నాకు అలా అనిపించలేదు.

మనసు దేన్ని తలచలేదో, మనసు దేనివల్ల తలచబడుతోందో అదే బ్రహ్మమని కేనోపనిషత్తులో ఉంది. ఆ మాట అంతకుముందే చదివాను, ఒప్పుకున్నాను కూడా. కానీ అది నా గురించేనని ఆ బెంచీ మీదే తట్టింది. అందుకే ఆలోచనలన్నీ ఆగాకే దేవుడు వస్తాడనే మాటను నేనిప్పుడు నమ్మను. ఆలోచన వచ్చిందని తెలిసేదే ఆయన వెలుగులో అని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త. ఆలోచనలు నిద్ర పట్టనివ్వనంతగా, మీకు మీరే హాని చేసుకోవాలనిపించేంతగా ఉంటే ముందు డాక్టర్‌ని కలవండి. అది భక్తి లోపం కాదు.

ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాను. ఈ పొద్దున సగంసేపు ఆఫీసు టెన్షన్‌లోనే గడిచింది. ఎక్కడికో పోయానని తెలిసిన ప్రతిసారీ ఒకసారి నామం తలచుకుని మళ్లీ మొదలుపెట్టాను. లేవబోయే ముందు కూడా ఒకసారి తప్పిపోయి, తిరిగొచ్చాను.