స్టువర్టుపురం అని తెలిస్తే చాలు, పోలీసులు ఇప్పటికీ అనుమానిస్తారా?

ప్రశ్న అడిగినాయన హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటున్నారట. గదిలో ఎవరిదో ఫోన్ పోయింది. అందరినీ స్టేషన్‌కి పిలిచారు. ఆధార్ కార్డులో ఊరు చూసి మిగతా కుర్రాళ్లను పంపేశారు, ఈయన్ని మాత్రం సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. "ఆ చట్టం ఎప్పుడో పోయింది కదా, ఇంకా ఇదేంటి?" అని అడుగుతున్నారు.

మాదీ ఆ ఊరే. ఆయన అంటున్న నేరస్థ తెగల చట్టాన్ని (క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్) రద్దు చేశారు గానీ, దాని కింద రాసుకున్న రిజిస్టర్లను ఎవరూ చింపెయ్యలేదండీ. చింపినచోట కూడా అందులోని పేర్లు కొత్త పుస్తకాల్లోకి ఎక్కాయి.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. కొన్ని కులాలు, తెగల వాళ్లు పుట్టుకతోనే నేరస్థులని 1871లో బ్రిటిష్ వాళ్లు ఈ చట్టం చేశారు. ముందు ఉత్తరాదిన పెట్టి, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మా ఎరుకలవాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లో తెలుసా? గాడిదల మీద ఉప్పు వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యానికి మారకం వేసేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది, రైలొచ్చింది, గాడిదల బేరం పడిపోయింది. బుట్టలు, తట్టలు అల్లుకుందామంటే అడవిలో వెదురుకీ ఆంక్షలే. తిరిగే మనిషికి పని పోయాక, ఆ తిరగడమే నేరమని రాశారు. ప్రభుత్వం ఫలానా తెగను నోటిఫై చేస్తే దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు అలా రాసుకున్నవాళ్లను ఒకచోట కాపలాలో ఉంచడానికి బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. అదే మా స్టువర్టుపురం. ఊరి పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరది. కావలి దగ్గర కప్పరాళ్లతిప్ప, కృష్ణ ఒడ్డున సీతానగరం కూడా ఇలాంటివే. మా నాయనమ్మ సెటిల్‌మెంటులోనే పుట్టింది. వేలిముద్రలు, హాజరు, బయటికి పోవాలంటే చీటీ. వాళ్ల నాన్నకి చలిజ్వరం వచ్చి లేవలేకపోతే మంచంతో సహా మోసుకెళ్లి హాజరు పలికించారని చెప్పేది. చెప్పేటప్పుడు ఆవిడకి కోపం కూడా వచ్చేది కాదు, వాన కురిసిందని చెప్పినట్టు చెప్పేది.

అన్నట్టు, మనం తిట్టుగా వాడే 'కేడీ' ఆ కాలపు పోలీసు మాటే. నోన్ డెప్రెడేటర్ అనే ఇంగ్లిషు మాటకి పొట్టిరూపం, అంటే దోచుకునేవాడని ముందే తెలిసినవాడు అని.

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని ఎత్తేసింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. అందుకే మావాళ్లు కొందరికి ఆగస్టు 15 కంటే ఆ రోజే ముఖ్యం. కానీ ఆ పక్కనే రాష్ట్రాలు 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలు తెచ్చాయి. కాగితం మీద అవి మనిషిని చూసి పెట్టేవి, కులాన్ని చూసి కాదు. స్టేషన్‌లో ఎవరి పేర్లు ముందు ఎక్కాయో వేరే చెప్పాలా?

మావాళ్లలో దొంగతనాలు చేసినవాళ్లు లేరని నేను అనను. ఉన్నారు. సంఘ సంస్కర్తలు హేమలతా లవణం గారు, ఆవిడ భర్త లవణం గారు మా ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేసింది కూడా ఆ బతుకు మాన్పించడానికే. నా గొడవల్లా, మానేసినవాడి మనవణ్ని కూడా ఎందుకు పట్టుకుపోతారు అని.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. పదేళ్ల కిందట దగ్గర టౌన్లో ఒక ఇంట్లో బంగారం పోయింది. రాత్రి రెండింటికి తలుపు కొట్టి వాణ్ని తీసుకెళ్లారు. ఏ స్టేషనో రాయను. పొద్దున వెళ్తే "ఇక్కడ లేడు" అన్నారు. వాడి చెప్పులు వరండాలో ఉన్నాయి, మా అమ్మ గుర్తుపట్టింది. ఆ రోజంతా అమ్మ ఆ చెప్పుల వైపే చూస్తూ కూర్చుంది, టెన్షన్‌తో నీళ్లు కూడా తాగలేదు. రెండో రోజు ఒక లాయరు గారు దొరికారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరెవరు చూస్తుండగా తీసుకెళ్లారో రాయించి మేజిస్ట్రేటుకీ, ఎస్పీకీ రిజిస్టరు పోస్టు చేయించారు. ఆ రసీదు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాం. సాయంత్రానికి వదిలేశారు. వాడు ఆ దొంగతనం రాత్రి ఐస్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీలో ఉన్నాడు, మస్టర్లో సంతకం ఉంది. అది చూడమని మొదటి గంటలోనే చెప్పాడట. ఎవరూ చూడలేదు.

ఆ రెండు రోజులకీ ఏ కాగితమూ లేదు. అందుకే మీకు చెప్పేది, కాగితం మీ వైపు నుంచి పుట్టించండి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణ చెప్తోంది. ఫోన్ దొంగతనం లాంటి, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 35వ సెక్షన్ అది. "నోటీసు ఇవ్వండి సార్, వస్తాను" అని మర్యాదగానే అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. మనిషిని దాచేస్తే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వెయ్యొచ్చు. లాయరుకి డబ్బుల్లేవని ఆగొద్దు, ఎరుకల వాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఎస్టీలే కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.

ఇంకొకటి, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పిచ్చింది. ముఖ్యంగా జైళ్లలో కులవివక్ష గురించిన తీర్పు అది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. విముక్త జాతుల వాళ్లను, అంటే ఆ పాత చట్టం జాబితా నుంచి బయటపడ్డ మాలాంటివాళ్లను, ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా పోలీసులు పాత మార్గదర్శకాలను పాటించాలనీ చెప్పింది. మీరు అర్జీ రాస్తే ఈ తీర్పు పేరు తప్పకుండా రాయండి. మీ పేరు మీద స్టేషన్‌లో నిఘా కోసం ఏదైనా షీటు తెరిచారా అని కూడా అందులోనే అడగండి.

ఆధార్‌లో ఊరు మార్చుకోమని మీకు చాలామంది చెప్తారు. మా చిన్నాన్న అలాగే చీరాల అని మార్చుకున్నాడు, అద్దె ఇల్లు సులువుగా దొరికింది కూడా. నేను మార్చుకోలేదు. పెద్ద పౌరుషమేం కాదు, మా రేషన్ కార్డు అక్కడ ఉంది, అమ్మ అక్కడ ఉంది.