పియానోను యాప్‌తో శ్రుతి చేస్తే పై స్వరాలు దిగినట్టు ఎందుకుంటాయి?

గిటార్ ట్యూనర్‌లో ప్రతి మెట్టునూ సున్నాకు తెచ్చినా మీ చర్చి పియానోలో పై స్వరాలు దిగినట్టున్నాయని, స్ట్రెచ్ (పై స్వరాలను లెక్క కన్నా కాస్త పైకి, కింది వాటిని కాస్త కిందికి జరపడం) ఎన్ని సెంట్లు పెట్టాలని అడిగారు. సెంటు అంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. యాప్ తప్పు చూపలేదండీ. కడపలో మా చర్చి పాత పియానోకి మొదటిసారి నేనూ అదే చేశాను. విడివిడిగా ప్రతి స్వరం బాగుంది. ఆదివారం ఎడమచేత్తో బేస్ పట్టి పైన పాట వాయిస్తే పైదంతా జారిపోయినట్టు వినిపించింది.

కారణం తీగలోనే ఉంది. ఉక్కు తీగ బిరుసుగా ఉంటుంది. అందువల్ల దాని అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, సరిగ్గా రెండింతలు, మూడింతల దగ్గర కాకుండా కాస్త పైన పలుకుతాయి. 220 హెర్ట్జ్ తీగలో రెండో అనుస్వరం 440ని కొంచెం దాటుతుంది. పై తీగను కచ్చితంగా 440లో నిలిపితే ఆ రెండూ కలవవు. హార్మోనియం రీడుకు ఈ ఇబ్బంది లేదు. శ్రుతిపెట్టెకు అలవాటుపడిన నాకు స్థాయి అంటే రెండింతలే, అందుకే ఇది నమ్మడానికి చాలా రోజులు పట్టింది.

కాబట్టి ఇన్ని సెంట్లని నేను చెప్పలేను. పొట్టి పియానోకి స్ట్రెచ్ ఎక్కువ కావాలి, పెద్ద గ్రాండ్‌కి తక్కువ చాలు. శ్రుతి చేసిన పియానోలు లెక్క నుంచి ఎంత జరుగుతాయో 1938లో రెయిల్స్‌బ్యాక్ అనే పరిశోధకుడు చూపిన వంపులో రెండు చివర్లా తేడా సుమారు 30 సెంట్ల దాకా వెళ్తుంది. అది సగటు మాత్రమే, దాన్ని చూసి మీ పియానోను లాగకండి.

ట్యూన్‌ల్యాబ్ లాంటి పియానో యాప్ తీసుకుని, వేర్వేరు స్థాయుల్లోని సి స్వరాలను కొలవండి. ఒక్క తీగే మోగాలి, పక్క తీగలను రబ్బరు ముక్కతో ఆపండి. ఫ్యాన్లు కూడా ఆపాలి. మే నెలలో ఫ్యాన్ తిరుగుతుండగా కొలిచి నేను ఒక రోజు పని వృథా చేసుకున్నాను. ఇప్పుడు తెల్లవారుజామునే కొలుస్తాను. తర్వాత బేస్‌లో 6:3 ఎంచుకుంటాను, అంటే కింది తీగ ఆరో అనుస్వరం పై తీగ మూడోదానితో కలవాలి. బేస్‌లో అసలు స్వరం కంటే అనుస్వరాలే చెవికి బాగా అందుతాయి. మధ్యలో నాకు 4:2 నచ్చింది.

రాగి చుట్టిన తీగలు అయిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోట మాత్రం తెర వైపు చూడకండి. చిన్న పియానోల్లో అక్కడ బిరుసు ఒక్కసారిగా మారుతుంది, యాప్ మీ కొలతల నుంచి గీసే నున్నటి వంపు అక్కడ సరిపోదు. ఆ నాలుగైదు స్వరాలను నేను స్థాయిలు, పంచమాలు వాయించి చెవితోనే సరిచేస్తాను. ఒకే మెట్టుకున్న మూడు తీగలను కలపడం కూడా చెవి పనే.

పియానో మొత్తం 20 సెంట్లో, అంతకన్నా ఎక్కువో దిగిపోయి ఉంటే ముందు ఒకసారి ముతకగా పైకి లాగి, ఆ తర్వాత కొలవండి. తీగల మీద తుప్పు కనిపిస్తే మాత్రం లాగకుండా ముందు ఒక ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.