రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ 8 శాతం అని వస్తే జబ్బు ఉన్నట్టేనా?

కాదు, శాతం ఒక్కటే చూసి చెప్పలేము, మైక్రోలీటరు రక్తంలో ఈసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయన్నదే లెక్క, అది సాధారణంగా 500 దాటకూడదు.

ఈసినోఫిల్స్ అందరి రక్తంలోనూ ఉండే ఒక రకం తెల్ల రక్తకణాలు. అలర్జీ, ఆస్తమా, కొన్ని మందులు పడకపోవడం, కడుపులో కొన్ని రకాల నులిపురుగులు ఉండడం వంటి కారణాల వల్ల ఇవి పెరుగుతాయి. ఆ నులిపురుగుల్లో ఒక రకమైన కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు మట్టిలోంచి పాదాల చర్మం గుండానే లోపలికి చేరతాయి కనుక, మిర్యాలగూడ వైపు వరి మళ్లలో వట్టి కాళ్లతో నాట్లు వేసేవారి విషయంలో వైద్యులు ఈ కారణాన్ని కూడా ఆలోచిస్తారు.

మొత్తం తెల్లకణాలు 5,000 ఉండి ఈసినోఫిల్స్ 8 శాతం ఉంటే, రిపోర్టులో ఆ అంకె పక్కన 'ఎక్కువ' అన్న గుర్తు పడినా, అసలు సంఖ్య 400 మాత్రమే. అదే మొత్తం 12,000 ఉండి 6 శాతమే ఉంటే సంఖ్య 720 అవుతుంది. గుర్తేమీ పడకపోవచ్చు గాని, పెరిగినట్టే.

మన దగ్గర ఆగని తుమ్ములన్నింటికీ 'ఇస్నోఫీలియా' అని పేరు పెట్టేస్తారు. అది జబ్బు పేరు కాదు, ఆ కణాలు పెరిగాయన్న సూచన మాత్రమే. అందువల్ల అంకెను తగ్గించే మాత్రలు అడగడం కన్నా, పెరగడానికి కారణమేమిటో వైద్యుణ్ణి అడగడం మేలు. 1,500 దాటి అలాగే కొనసాగితే మాత్రం ఆలస్యం చేయకూడదు.