మీటరు మీ పేరున ఉన్నా కరెంటు తీయకూడదు

ప్రశ్న: బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాను. మా ఇంటి వెనక రెండు గదుల పోర్షన్‌ను అయిదేళ్ళ కిందట మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి కిరాయికిచ్చాను. మనవాళ్ళే కదా అని కాగితం రాసుకోలేదు. కిరాయి 4,500, అడ్వాన్సు 15,000. అతను కాంట్రాక్టరు కింద పని చేస్తాడు. జీతాలు రాలేదని మూడు నెలలుగా కిరాయి ఇవ్వడం లేదు. కూతురు పదో తరగతి, పరీక్షలయ్యేదాకా ఆగమంటున్నారు. మమ్మల్ని కాకా, కాకీ (బాబాయి, పిన్ని) అని పిలుస్తారు, గట్టిగా అడగలేకపోతున్నాం. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయేమో కరెంటు తీసేయండి, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు తాళం వేసేయండి అంటున్నాడు. అబ్బాయికి పెళ్ళి కుదిరింది, ఇల్లు మాకే కావాలి. ఇంకా ఆలస్యం చేస్తే ఇల్లు వాళ్ళదైపోతుందని పక్కింటాయన టెన్షన్ పెడుతున్నాడు. వేరేవాళ్ళు 6,000 ఇస్తామని కూడా అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి, కరెంటు జోలికీ తాళం జోలికీ వెళ్ళడం లేదని చెప్పేయండి. మీటరు మీ పేరున ఉండొచ్చు, బిల్లు మీరే కడుతుండొచ్చు. అయినా కిరాయిదారు వాడుకుంటున్న కరెంటు, నీళ్ళు తగిన కారణం లేకుండా ఆపకూడదని మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 29వ సెక్షన్ చెబుతోంది. కిరాయి బాకీ ఉన్నారన్నది కోర్టు ముందు తగిన కారణంగా నిలబడదు. వాళ్ళు అర్జీ పెట్టుకుంటే కరెంటు తిరిగి ఇమ్మని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలదు. ఆ సెక్షన్‌లో జైలు శిక్ష కూడా ఉంది. కరెంటు కనీస సౌకర్యమని, యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని కాదనకూడదని సుప్రీంకోర్టు కూడా 2022లో చెప్పింది.

తాళం సంగతి ఇంకా ప్రమాదం. నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లో ఆరో సెక్షన్ ఉంది. చట్టప్రకారం కాకుండా బయటకు గెంటేసిన మనిషి ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నలోకి వెళ్ళకుండానే కోర్టు అతన్ని మళ్ళీ లోపల కూర్చోబెడుతుంది. మీ చేతిలో ఇంటి పట్టా ఉన్నా, పన్ను రసీదులున్నా అక్కడ పనికిరావు. లోపల సామానులో ఒక గిన్నె కనబడలేదని వాళ్ళు స్టేషన్‌కు వెళ్తే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని సలహా ఇచ్చిన అబ్బాయి కాదు, ఇక్కడ తాళం వేసిన మీరు తిరగాల్సి వస్తుంది.

పక్కింటాయన మాట పట్టించుకోకండి. కిరాయికి దిగినవాడు మీ అనుమతితో ఉన్నవాడు. మీరు యజమాని కాదని వాదించే అవకాశం సాక్ష్య చట్టమే అతనికి ఇవ్వదు. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందనే లెక్క లిమిటేషన్ (కాలపరిమితి) చట్టంలో ఉన్నమాట నిజమే గానీ, కిరాయిదారు విషయంలో అది కిరాయి ఒప్పందం ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది, దిగిన రోజు నుంచి కాదు. రేషన్ కార్డులో మీ ఇంటి నంబరు ఉన్నంత మాత్రాన ఇల్లు ఎవరిదీ అయిపోదు.

అసలు తలనొప్పి కాగితం లేకపోవడం. అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత పూర్తిగా యజమానిదే. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, రిజిస్టర్డ్ ఒప్పందం లేనప్పుడు షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది, కాదని రుజువు చేయాల్సింది మీరు. రేపు అతను అడ్వాన్సు 50,000 ఇచ్చానంటే ఏం చూపిస్తారు? నోట్‌బుక్‌లో మీరొక్కరే రాసుకున్న లెక్కకు బలం తక్కువ. అతను ఫోన్‌పేలో పంపిన నెలలు ఏమైనా ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసిపెట్టుకోండి. ఇకమీదట తీసుకునే ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి, అది కూడా చట్టం పెట్టిన నియమమే.

ఇక బాకీ. మూడు నెలలకు 13,500. మీ దగ్గరున్న అడ్వాన్సు 15,000. ఈరోజుకి మీ జేబులోంచి పోయింది ఏమీ లేదు. అడ్వాన్సు దానంతటదే కిరాయిలోకి జమ కాదు నిజమే, కానీ నిద్ర పట్టనంత నష్టమేమీ జరగలేదని మీకు తెలియాలి. కోర్టుకు వెళ్ళాలంటే ముందు రాతపూర్వకంగా డిమాండు నోటీసు ఇవ్వాలి, అందిన తర్వాత 90 రోజులు ఆగాలి. ఆ తర్వాత దావా వేసినా, సమన్లు అందిన 90 రోజుల్లో అతను బాకీ మొత్తం 15 శాతం వడ్డీతో, ఖర్చులతో కోర్టులో కట్టేస్తే బాకీ కారణంగా ఖాళీ చేయించే డిక్రీ (కోర్టు ఆదేశం) రాదు. జీతం పడగానే కట్టేసే మనిషి మీద ఈ దారిలో వెళ్ళడం దండగ.

ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ (కిరాయి వివాదాలు చూసే అధికారి) పర్మిషన్ కావాలని మీ తరం వాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. అది మీ విదర్భలో 1949 నాటి అద్దె నియంత్రణ ఆర్డరు ఉన్నప్పటి మాట. 2000 మార్చి 31 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే చట్టం, పైన చెప్పిన 1999 చట్టం, అమల్లోకి వచ్చింది, దావా నేరుగా మీ సివిల్ కోర్టులోనే వేస్తారు. అయితే దాని షెడ్యూల్‌లో (చట్టానికి జతచేసిన జాబితాలో) పేరున్న ఊళ్ళకే అది వర్తిస్తుంది. మీ ఇల్లు మునిసిపల్ హద్దులోనిదా, గ్రామ పంచాయతీదా అన్నది పన్ను రసీదు చూసి వకీలుకు చెప్పండి. షెడ్యూల్ బయట ఉంటే ఆస్తి బదిలీ చట్టం కింద, నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు లెక్క వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం చివరిది, 6,000 సంగతి. ఇల్లు అబ్బాయి పెళ్ళికి కావాలా, పదిహేను వందలు ఎక్కువ వస్తాయని కావాలా? మీకు మీరు నిజం చెప్పుకోండి, ఎందుకంటే కోర్టు కూడా ఇదే అడుగుతుంది. సొంత అవసరానికి ఖాళీ చేయించుకునే హక్కు అద్దె నియంత్రణ చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ అవసరం నిజమైనది కావాలి. అబ్బాయి ఉద్యోగం హైదరాబాద్‌లో, కాపురం అక్కడే అయితే, పెళ్ళికి వచ్చే చుట్టాల కోసం అయిదేళ్ళుగా ఉన్న కుటుంబాన్ని లేపాలా అని జడ్జి అడక్క మానరు. అవసరం నిజమే అనుకున్నా, ఖాళీ చేయిస్తే వాళ్ళకు కలిగే కష్టం, చేయించకపోతే మీకు కలిగే కష్టం తూచి చూస్తారు. పరీక్షల ముందు పదో తరగతి పిల్ల ఉంటే త్రాసు ఎటు మొగ్గుతుందో ఊహించుకోండి. సొంతానికని డిక్రీ తెచ్చుకుని నెలలోగా దిగకపోయినా, ఏడాది లోపు ఇంకొకరికి ఇచ్చినా, పాత కిరాయిదారు మళ్ళీ కోర్టుకెక్కి ఇల్లు తిరిగి అడగొచ్చు. అంటే ఆ 6,000 వాళ్ళను ఈ దారిలో తేలేరు.

కిరాయి పెంచడమే మీకు కావాల్సిందైతే ఆ మాటే చెప్పండి, పెళ్ళిని అడ్డం పెట్టుకోకండి. చట్టం ఒప్పుకునేది ఏడాదికి 4 శాతం, అంటే మీ లెక్కలో 180 రూపాయలు. అయిదేళ్ళుగా ఒక్కసారీ పెంచకపోవడం మీ మంచితనం, దాన్ని ఇప్పుడు ఒక్క దెబ్బలో వసూలు చేయడం కుదరదు.

నేనైతే ఇలా చేస్తాను. కాకీని (మీ ఆవిడను), కిరాయిదారు ఇంటావిడను కూడా కూర్చోబెట్టండి, ఎందుకంటే డబ్బు లెక్క మగవాళ్ళిద్దరి మధ్యే తేలదు. పరీక్షలు మార్చిలో అయిపోతాయి కాబట్టి ఏప్రిల్ ఆఖరుకు ఖాళీ చేస్తామని, బాకీ ఏ నెల ఎంత కడతారో, అడ్వాన్సులో ఏం మినహాయిస్తారో మరాఠీలోనో హిందీలోనో రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. గోడల సున్నం ఖర్చు అందులో కలపకండి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల కిరాయిదారు భరించేది కాదు. ఆ కాగితం తీసుకుని తాలూకా న్యాయసేవల కమిటీకి వెళ్ళి, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకోండి. ఫీజు ఉండదు. అక్కడి అవార్డుకు (తీర్పుకు) కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. ఏప్రిల్ దాటినా వాళ్ళు కదలకపోతే మీరు కొత్తగా దావా వేయక్కర్లేదు, అమలుకు అర్జీ పెడితే చాలు.

తర్వాత వచ్చేవాళ్ళకు పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ (గడువు పెట్టి ఉండనిచ్చే ఒప్పందం) రాయించి రిజిస్టర్ చేయించండి. నోటరీ ముద్ర సరిపోదు. స్టాంపు డ్యూటీ, దానిపైన రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటాయి. ఆధార్ వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. కిరాయిదారుల వివరాలు ఇవ్వమని పోలీసుల ఉత్తర్వు ఉంటే, దిగిన వారంలోనే ఆ ఫారం నింపి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.