'ప్రసారం' అంటే సరిపోతుందా?

సందేహం: జర్నలిజం పీజీ చదువుతున్నాను. కమ్యూనికేషన్ సిద్ధాంతాల నోట్సు తెలుగులో రాసుకుంటున్నాను. కమ్యూనికేషన్‌కు ఒకచోట 'ప్రసారం', ఒకచోట 'సమాచారం', మరోచోట 'సంచారం' అని కనిపిస్తోంది. ఏది రాయాలి?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: 'సంచారం' వద్దు. హిందీలో అది ఈ అర్థంలో స్థిరపడింది గాని, తెలుగులో సంచారమంటే తిరగడమే. సంచార జాతులు, సంచార గ్రంథాలయం అంటున్నాం కదా. 'సమాచారం' చేరే విషయానికి పేరు, చేరవేతకు కాదు.

చిక్కంతా 'ప్రసారం'తోనే. 'సృ' ధాతువుకు కదలడం, పారడం అని అర్థం. 'ప్ర' చేరితే ముందుకు సాగి వ్యాపించడం. రేడియోకు చక్కగా అతికే మాట. మెట్రోలో "తర్వాతి స్టేషన్ అమీర్‌పేట" అని వినిపిస్తుంది, మనం తిరిగి ఏమీ అనం. 1948లో అమెరికన్ గణితవేత్త, ఇంజనీరు క్లాడ్ షానన్ గీసిన కమ్యూనికేషన్ నమూనాకూ ఈ మాట చెల్లుతుంది. సందేశం ఒకచోట బయలుదేరి, అంతరాయాలు దాటుకుని గమ్యం చేరుతుంది. దాని అర్థంతో ఇంజనీరింగ్ సమస్యకు పని లేదని ఆయనే చెప్పాడు. అదే ఏడాది రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ "ఎవరు, ఏమిటి, ఏ మార్గంలో, ఎవరికి చెబుతున్నారు, ఫలితమేమిటి" అని అడిగినప్పుడూ మాట ఒకవైపే నడిచింది.

అమెరికన్ కమ్యూనికేషన్ సిద్ధాంతకర్త జేమ్స్ కేరీ పాఠం దగ్గర ఈ పదం మొరాయిస్తుంది. కమ్యూనికేషన్‌కు మూలమైన లాటిన్ మాటకు పంచుకోవడం, ఉమ్మడి చేసుకోవడం అని అర్థం. 1975 నాటి వ్యాసంలో కేరీ ఆ పాత అర్థాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. సందేశాన్ని దూరాలకు పంపడమే కాదు, నలుగురూ కలిసి తమ లోకాన్ని నిలబెట్టుకోవడమూ కమ్యూనికేషనే అన్నాడు. దాన్ని 'ప్రసారం' అని రాస్తే, ఆయన చాలదన్న చూపునే ఆయనకు అంటగట్టినట్టవుతుంది.

ఈ తేడా మన క్రియల్లోనే ఉందని గమనించారా? చెప్పడం, చెప్పుకోవడం. "మేనేజరు సిబ్బందికి సెలవు సంగతి చెప్పాడు." "ఇద్దరూ ఇరానీ హోటల్లో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకున్నారు." 'కొను' చేరగానే మాట ఇద్దరిదీ అయింది. ('నాలో నేను చెప్పుకున్నాను' అన్నచోట దాని పని వేరు.) కొత్త కబురు ఒక్కటీ లేకపోయినా చెప్పుకోవడం సాగుతుంది. పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు ప్రతిసారీ అవే పాత సంగతులు చెప్పుకుంటారు, ఎవరికీ విసుగుండదు. కేరీని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

కాబట్టి శాస్త్రం పేరుగా 'కమ్యూనికేషన్' అనే రాయండి, అందులో తప్పేమీ లేదు. మనుషుల మధ్య జరిగేదానికి తెలుగులో 'భావ వినిమయం' అనండి, ఇచ్చిపుచ్చుకోవడం ఆ మాటలోనే ఉంది. షానన్ దగ్గర మాత్రం 'ప్రసారం' ఉంచండి, ఆయన లెక్కలో భావానికి చోటు లేదు. అన్నట్టు, పత్రికలను కూడా కలిపి 'ప్రసార మాధ్యమాలు' అని రాస్తున్నారు. 'మాధ్యమాలు' అంటే చాలు. పత్రికను అచ్చువేస్తారు, ఇంటింటికీ వేస్తారు, ప్రసారం చేయరు.