ఎపిడ్యూరల్‌కి లిగ్నోకెయినా, బుపివకెయినా? ఎంత ఇవ్వాలి?

అనస్థీషియా పీజీ రెండో ఏడు, ఒక్కో సీనియర్ ఒక్కో లెక్క చెబుతున్నారు, నడుం దగ్గర ఎపిడ్యూరల్ (వెన్నుపాము పొరల బయట కేథటర్ అనే సన్నని గొట్టం పెట్టి ఇచ్చే మత్తు) పెట్టాక ఏ మందు ఎంత ఇవ్వాలో తేల్చి చెప్పండి అని అడిగారు కదా. నేను పదిహేనేళ్ళుగా కోనసీమలో కారేసుకుని తిరుగుతూ మత్తు ఇస్తున్నాను. పొద్దున రాజోలు, మధ్యాహ్నం చించినాడ వంతెన దాటి పాలకొల్లు, రాత్రి సిజేరియన్ ఉందని ఫోనొస్తే అమలాపురం. ఒక్కో థియేటర్లో ఒక్కో కంపెనీ మందు, అందుకని వయల్ మీద పేరు కంటే ముందు శాతం చదవడం అలవాటైపోయింది. 2 శాతం అంటే ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములు, 0.5 అంటే 5. ఇది నిద్రలో లేపి అడిగినా రావాలి.

సిరంజి పట్టుకోకముందే బరువు చూసి దాటకూడని గీత ఒకటి గీసుకోండి. లిగ్నోకెయిన్ అడ్రినలిన్‌తో అయితే కిలోకి 7 మిల్లీగ్రాములు, లేకుండా 4.5. బుపివకెయిన్ నేను కిలోకి 2 దాటను. రోపివకెయిన్ 3. అంటే 60 కిలోల మనిషికి అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకెయిన్ 21 ఎంఎల్, 0.5 బుపివకెయిన్ 24, 0.75 రోపివకెయిన్ కూడా 24. అక్కడిదాకా ఇమ్మని కాదండీ, అది దాటొద్దని.

ఇక ఎంత పడుతుందనేది. మన డెల్టా వాళ్ళకి కాలవ చెబితే చాలు. శివారు చేలకి అందాలంటే నీళ్ళు ఎక్కువ వదలాలి. మత్తు ఎంత పైకెక్కుతుందనేది కూడా ముఖ్యంగా ఎంఎల్ మీదే ఉంటుంది, ఎంత గట్టిగా పడుతుందనేది శాతం మీద. పుస్తకం లెక్క సెగ్మెంట్‌కి (ఒక్కో వెన్ను నరం పరిధికి) 1 నుంచి 2 ఎంఎల్, పెద్దవాళ్ళకి మొత్తం 15 నుంచి 20 దగ్గర తేలుతుంది. కానీ వెన్నుపూసల పక్కన నరాలు బయటికొచ్చే సందులు తూముల్లాంటివి, వయసు మీదపడ్డాక అవి ఇరుకైపోతాయి, పక్కకి పోవాల్సిన మందు పోక పైకి ఎగదన్నుతుంది. అందుకే డెబ్భై దాటిన వాళ్ళకి నేను సగంతోనే ఆగి చూస్తాను. నిండు గర్భిణికి అక్కడి సిరలు ఉబ్బి చోటు తగ్గుతుంది, మూడో వంతు తగ్గించండి.

ఏ మందు అంటే, తొందరుంటే లిగ్నోకెయిన్: పది పదిహేను నిమిషాల్లో పడుతుంది, అడ్రినలిన్ ఉంటే రెండు గంటల పైనే నిలుస్తుంది. ప్రసవం నొప్పులకి పెట్టిన కేథటర్ మీదే సిజేరియన్ చేయాల్సి వస్తే నా చెయ్యి దీని మీదకే పోతుంది. కానీ 30 ఎంఎల్ వయల్‌లో ప్రిజర్వేటివ్ ఉంటుంది, అది వెన్నులోకి వద్దు. బుపివకెయిన్ ఇరవై నిమిషాలు ఓపిక పట్టిస్తుంది, మూడు గంటల దాకా ఉంటుంది, గుండె పట్టుకుంటే మాత్రం ఒక పట్టాన వదలదు, 0.75 శాతాన్ని ప్రసవాల్లో వాడొద్దని అమెరికాలో 1984లోనే ఆపించారు. రోపివకెయిన్ గుండెకి కాస్త నయం, కాళ్ళు కూడా తక్కువ కట్టేస్తుంది, ధర చూసి యాజమాన్యం మొహం ముడుచుకుంటుంది. ప్రసవం నొప్పులకైతే 0.1 శాతం బుపివకెయిన్‌లో ఎంఎల్‌కి 2 మైక్రోగ్రాముల ఫెంటానిల్ (నొప్పి తగ్గించే మందు) చాలు. ఇంకోటి, 4 ఎంఎల్ హెవీ బుపివకెయిన్ ఆంప్యూల్ స్పైనల్‌ది, అంటే వెన్నులోని నీటిలోకే నేరుగా ఇచ్చే మత్తుది, ఎపిడ్యూరల్‌కి కాదు. సిస్టర్ లోడ్ చేసి ఇచ్చినా ఖాళీ ఆంప్యూల్ మీరే చూడండి.

టెస్ట్ డోసు, అంటే కేథటర్ సరైన చోటే ఉందా అని ముందు కొంచెం ఇచ్చి చూసేది: 1.5 శాతం లిగ్నోకెయిన్ 3 ఎంఎల్, 1:2,00,000 అడ్రినలిన్‌తో. నిమిషంలోపు నాడి 20 పెరిగితే కేథటర్ రక్తనాళంలో ఉన్నట్టే. బీటా బ్లాకర్ (నాడి వేగం తగ్గించే మందు) వాడేవాళ్ళలో ఈ లెక్క నమ్మలేం.

నేను దెబ్బ తిన్నది మొదటి డోసులో కాదు, టాప్-అప్‌లో, అంటే మత్తు తగ్గకుండా తర్వాత మళ్ళీ ఇచ్చే డోసులో. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, గర్భసంచి ఆపరేషన్, యాభై అయిదేళ్ళావిడ. టెస్ట్ డోసు, మొదటి డోసు చక్కగా పోయాయి. గంటన్నర తర్వాత వెనక్కి లాగి చూశాను, రక్తం రాలేదు, సరేలెమ్మని 0.5 బుపివకెయిన్ 8 ఎంఎల్ గబగబా తోయడం మొదలెట్టాను. అయిదు దగ్గర ఆవిడ "నాలిక తిమ్మిరెక్కేత్తందండి బాబూ, చెవుల్లో జోరీగ దూరినట్టుందండి" అంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ ఆపే మిడజోలం లోడ్ చేసుకుని, మానిటర్‌కేసి చూస్తూ కూచున్నాను. ఫిట్స్ రాలేదు, పది నిమిషాల్లో తేరుకుంది. పొజిషన్ మార్చేటప్పుడు కేథటర్ కదిలి సిరలోకి దూరి ఉంటుంది. లిపిడ్ (మత్తు మందు రక్తంలోకి ఎక్కితే విరుగుడుగా సిరలోకి ఇచ్చే కొవ్వు ద్రావణం) సంగతి అడిగితే ఆ థియేటర్లో ఆ పేరే ఎవరికీ తెలీదు.

అప్పట్నుంచి మొదటిదైనా టాప్-అప్ అయినా 3 నుంచి 5 ఎంఎల్ చొప్పునే, మధ్యలో మూడు నుంచి అయిదు నిమిషాలు, పేషెంటుతో కబుర్లాడుతూ. 20 శాతం లిపిడ్ నాతోనే ఉంటుంది: కిలోకి 1.5 ఎంఎల్ రెండు మూడు నిమిషాల్లో, తర్వాత నిమిషానికి కిలోకి 0.25. మే నెలలో డిక్కీలో వదిలేయకండి, 25 డిగ్రీలు దాటకూడదు, గడ్డ కట్టకూడదు.

ఇరవై, ముప్పై నిమిషాలైనా ఒక పక్క పట్టకపోతే మందు మీద మందు పోయకండి. కేథటర్ ఒక సెంటీమీటర్ వెనక్కి లాగి, గీత లోపల ఇంకేమైనా మిగిలుంటే ఒక్కసారి చూడండి, లేదంటే మానేయండి. ఆపైన స్పైనల్ ఇస్తే మామూలు డోసు వద్దు, లోపల పోసింది ఇంకా అక్కడే ఉంటుంది, మత్తు పై దాకా ఎక్కేస్తుంది.